వారంటీకి అడ్డొచ్చిన పసుపు గీతలు

షోరూం నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఫస్ట్ షిఫ్టు దిగి, స్నానం చేసి, అన్నం ముందు కూర్చున్నాను. "సార్, మీ వెహికిల్ వారంటీ ఈ నెలాఖరుతో అయిపోతుంది. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకుంటే ఇంకో రెండేళ్ళు మీకు టెన్షన్ ఉండదు సార్" అని ఒక అమ్మాయి కాగితం చదివినట్టు చెప్పింది. ఆమె నన్ను మా నాన్న పేరుతో పిలిచింది. బండి కాగితాలు అమ్మ పేరు మీదికి మార్పించినా, షోరూం కంప్యూటర్లో మాత్రం ఇంకా ఆయన పేరే ఉన్నట్టుంది. నేను సరిదిద్దలేదు. ఆలోచించి చెప్తానన్నాను. ఆమె థాంక్యూ చెప్పి పెట్టేసింది. పప్పు చల్లారిపోయింది. తిన్నాను.

మా నాన్నను మేం బాపు అని పిలిచేవాళ్ళం. ఓపెన్‌కాస్ట్ గని వర్క్‌షాపులో, బొగ్గూ మట్టీ మోసే పెద్ద డంపర్లకు ఫిట్టర్. చివర్లో గుండె బాగాలేదని మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. మా గోదావరిఖనిలో అన్‌ఫిట్ అయిన ఇంట్లో దుఃఖపడాలో స్వీట్లు పంచాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. తండ్రి దిగిపోతే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. నేను మెకానికల్ డిప్లొమా చేసి ఇంట్లో ఉన్నాను. బాపు దిగాడు, నేను ఎక్కాను. నన్ను అండర్‌గ్రౌండ్‌కి పంపారు. తనకు వచ్చిన డబ్బుల్లో కొంత పెట్టి బాపు ఒక చిన్న పెట్రోల్ కారు కొన్నాడు, క్వార్టర్ పక్కన రేకుల షెడ్డు వేయించాడు. రెండేళ్ళకు పైగా ఆ షెడ్డే ఆయన వర్క్‌షాపు. తర్వాత ఒక పొద్దున లేవలేదు.

నేను ఏడ్చానో లేదో గుర్తులేదు. టెంటు వాళ్ళకు, కుర్చీల వాళ్ళకు, ఐస్ పెట్టె వాళ్ళకు ఫోన్లు చేసింది గుర్తుంది. ఏ పని తర్వాత ఏ పనో మనసులో వరసగా ఉంది. ఆ వరస అయిపోయాక ఇంకో వరస మొదలైంది. డెత్ సర్టిఫికెట్, బ్యాంకు, బండి పేరు మార్పిడి. ఇప్పుడు వారంటీ.

ఆ సాయంత్రం వారంటీ షరతులన్నీ ఫోన్లో తెరిచి చదివాను. ఏది వస్తుంది, ఏది రాదు అని రెండు వరసలు రాసుకున్నాను. ఇంజన్ లోపలి భాగాలు, గేర్‌బాక్సు, స్టీరింగ్, ఏసీ కంప్రెసర్, వైరింగ్‌లో కొంత వస్తాయి. క్లచ్ ప్లేటు, బ్రేకులు, టైర్లు, బ్యాటరీ, బల్బులు, వైపర్లు, రబ్బరు సామాను రావు. అంటే అరిగేవేవీ రావు. బాపు పోయాక మా బండి వారానికి ఒకసారి కదిలితే ఎక్కువ. నిలబడి ఉన్న బండిలో మొదట చచ్చేది బ్యాటరీ. తర్వాత టైర్లు పగులుతాయి, రబ్బరు గట్టిపడుతుంది. మా బండికి జరగబోయేవన్నీ రెండో వరసలోనే ఉన్నాయి. రోజూ దూరం తిరిగేవాళ్ళకు, బండి ఆగితే ఆ పూట సంపాదన పోయేవాళ్ళకు, ఖరీదైన ఎలక్ట్రానిక్స్ ఉన్న బండ్లకు ఈ వారంటీ పనికొస్తుంది. మాకు పనికిరాదు. అదే మాట అమ్మకు చెప్పాను. "మన బండికి ఇది అక్కర్లేదు అమ్మా." అమ్మ మిషన్ మీద జాకెట్ కుడుతూ, తల ఎత్తకుండా "సరే" అంది.

గనిలో కూడా నన్ను ఇట్లాంటివే అడుగుతారు. డిప్లొమా కదా. బొగ్గెత్తే తట్టా చెమ్మస్ పట్టుకున్నా డిప్లొమా డిప్లొమానే. క్యాంటీన్ దగ్గర ఒకాయన అడిగాడు.

"తమ్మీ, నాకు గూడ గిట్లనే ఫోన్లు జేస్తున్నరు. తీస్కోవాల్నా, వద్దా?"

"రోజు ఎంత తిరుగుతవ్ అన్నా?"

"గనికి, ఇంటికి. ఐతారం అత్తగారింటికి."

"అయితె వద్దు."

పక్కనున్నాయన టీ గ్లాసు కింద పెట్టి, "అత్తగారింటికి పొయ్యే తొవ్వల బండి ఆగిపోతె వీనికి పండుగనే. వారంటీ ఎందుకే" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టున్నాను.

అక్కడితో అయిపోవాల్సింది. ఆదివారం బావ వచ్చాడు. షోరూం ఫోన్ సంగతి అక్క ద్వారా అప్పటికే ఆయన చెవిన పడింది.

అక్కను ఇచ్చింది రామకృష్ణాపూర్‌లో. బావ అక్కడి గనిలోనే ఎలక్ట్రీషియన్. బాపు పోయాక ప్రతి ఆదివారం అక్కను తీసుకుని వచ్చి మా మంచిచెడ్డలు చూసి పోతాడు. బాపు వస్తువుల్లో అక్కకూ వాటా ఉంది. ఆమె ఎన్నడూ అడగలేదు. అడగలేదు కాబట్టే బావ మాటను మేం పక్కన పెట్టలేం. అమ్మ అల్లుడితో సూటిగా మాట్లాడదు. వంటింట్లోంచి నాతో చెప్తుంది, బావ ముందు గదిలోంచి నాతో చెప్తాడు. ఇద్దరి మధ్యా ఒక గోడ, ఆ గోడకు తలుపు కూడా లేని ద్వారం.

"బామ్మర్దీ, నీకు మూడు షిఫ్టులు. ఎప్పుడు వస్తవో, ఎప్పుడు పంటవో నీకే తెల్వదు. రేపు బండి తొవ్వల ఆగిపోతె మెకానిక్ ఎనుక ఎవలు తిరుగుతరు? అత్తమ్మనా?"

"బండి అమ్ముతమని ఎవలకన్న చెప్పినమా, అడుగురా" అంది అమ్మ, తాలింపు చప్పుడులోంచి.

"అమ్ముమంట లేను నేను. వారంటీ ఉంటె ఉంచుకోండ్రి. షోరూమోడే చూస్కుంటడు, నాకు గూడ ఫికర్ ఉండది. లేదంటే మా గనిల ఒకాయన అడుగుతనే ఉన్నడు. మంచి మనిషి. మామ బండి అంటె కండ్లు మూసుకొని తీస్కుంటడు."

అక్క నా వైపు చూసింది. 

"అయితె వారంటీ తీస్కుందం అని చెప్పురా" అంది అమ్మ.

అక్కర్లేదని నేను రాసుకున్న రెండు వరసలూ అట్లా పక్కకు పోయాయి. వారంటీ వస్తే బండి అమ్మ దగ్గర ఉంటుంది. రాకపోతే రామకృష్ణాపూర్ పోతుంది. నేను తల ఊపాను.

అమ్మకు బండి ఎందుకు కావాలో బావకు చెప్పలేదు. నాకు ఒకసారి చెప్పింది. ఆమె జాకెట్ గుడ్డలకు మార్కెట్‌కి పోవాలన్నా, అక్క దగ్గరికి పోవాలన్నా షేర్ ఆటో ఎక్కాలి. ఎక్కి కూర్చున్న నిమిషంలో ఎవరో ఒకరు గుర్తుపడతారు. అయ్యో, మీ ఆయన పోయిండంట కదా. ఎట్ల పోయిండు? దవాఖానకు తీస్కపోలేదా? కొడుక్కి నౌకరి ముందే వచ్చెనా? పైసలన్ని వచ్చినయా? ఒకామె దిగిపోతే ఇంకొకామె ఎక్కుతుంది. మళ్ళీ మొదటినుంచి చెప్పాలి.

"చెప్పి చెప్పి నోరు నొస్తుందిరా" అంది అమ్మ. "కార్ల అయితె ఎవ్వలు అడుగరు."

అందుకే ఆగిపోయిన డ్రైవింగ్ మళ్ళీ నేర్చుకుంటోంది. మొదలుపెట్టించింది బాపే. స్కూలు పక్క గ్రౌండులో సెకండ్ గేరు దాకా నేర్పాడు. మిగతాది నా మీద పడింది. షిఫ్టు లేని సాయంత్రాలు ఆమె స్టీరింగ్‌ను రోకలి పట్టుకున్నట్టు పట్టుకుని గ్రౌండు చుట్టూ తిప్పేది. క్రికెట్ ఆడే పిల్లలు వికెట్లు పీక్కుని పక్కకు జరిగేవాళ్ళు.

"గేర్ మార్చు అమ్మా."

"ఎందుకు?"

"ఇంజన్ ఏడుస్తుంది."

"నాకు ఇనవడ్త లేదు."

"థర్డ్ వెయ్యి."

"మీ బాపు రెండే జెప్పిండు. రెండిట్ల మంచిగనే పోతుంది గద."

షోరూంకు బండి నేనే తీసుకెళ్ళాను. బాపు చనిపోయిన నెలలో చేయించాల్సిన సర్వీసు తప్పిపోయింది కాబట్టి బండి చూశాకే పొడిగిస్తామన్నారు. చూసే కుర్రాడు నా వయసువాడే. నాలాగే డిప్లొమా. టైర్ల చుట్టూ తిరిగి, కిలోమీటర్లు రాసుకుని, బానెట్ ఎత్తాడు. 

"అన్నా, ఇటు రా. ఇవేంది?"

చూశాను. షాక్ అబ్జార్బర్ల పైనుండే నట్లు, ఇంజన్‌ను పట్టి ఉంచే బోల్టులు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, బ్యాటరీ క్లాంపు, ఇంకా లోపల చెయ్యి పట్టే చోటల్లా ప్రతి నట్టు మీద ఒక పసుపు గీత ఉంది. నట్టు తల మీద మొదలై కింది రేకు మీదికి దిగిన సన్నటి గీత. చెయ్యి వణకకుండా, ఒకే మందంతో గీసినవి.

ఆ గీతలు ఏమిటో డంపర్ వర్క్‌షాపు ముందు నుంచి పోయిన ఎవరికైనా తెలుసు. డంపర్ చక్రానికి నట్లు బిగించాక ఫిట్టర్ నట్టు మీదినుంచి చక్రం మీదికి పెయింట్‌తో ఒక గీత గీస్తాడు. నట్టు వదులైతే తిరుగుతుంది. తిరిగితే గీత రెండు ముక్కలవుతుంది. అప్పుడు స్పానర్ పట్టుకుని నట్టు నట్టుకూ కూర్చోనక్కర్లేదు. చుట్టూ ఒకసారి నడిచి చూస్తే చాలు. గీత తెగలేదంటే ఎవరూ ముట్టుకోలేదని, ఏదీ కదలలేదని అర్థం.

షోరూం కుర్రాడు దాన్ని సరిగ్గా తలకిందులుగా చదివాడు.

"బయట మెకానిక్ తోని మొత్తం ఓపెన్ చేయించిండ్రు గదా. బయట విప్పితె వారంటీ ఇయ్యరు."

"ఓపెన్ చెయ్యలేదు. గుర్తులు పెట్టిండు."

"ఎవలు?"

"మా బాపు."

"మెకానికా?"

"డంపర్ ఫిట్టర్."

అతను బానెట్ కర్రను సర్దుతూ, "అన్నా, ఇది డంపర్ కాదు" అన్నాడు. ఎగతాళిగా అనలేదు.

నేను వంగి ఒక బోల్టు చూపించాను. దాని మీద చిన్న తెల్ల చుక్క ఉంది. బండి తయారైన ఫ్యాక్టరీలోనే బిగించాక పెట్టే గుర్తు అది. ఇదీ అదే కదా అన్నాను.

"నాకు తెలుసన్నా. కని నేను ఫొటోలు తీసి పంపాలె. తెల్లయి వాళ్ళయి, పసుపుయి ఎవలయో. పైన కూసున్నోడు ఫొటో చూస్తడు, రిజెక్ట్ కొడ్తడు. వాడు మన గని చూసిండా, డంపర్ చూసిండా?" అని గొంతు తగ్గించాడు. "ఒక పని జెయ్యి. థిన్నర్ పెట్టి మొత్తం తుడిచి ఎల్లుండి తీస్కరా. ఇయ్యాల నేను చూడనట్టే."

"చక్రాల నట్లకు గూడ ఉంటయి. కవర్ల కింద."

"చక్రాల ఫొటోలు అడుగరు. అవి ఉండనీ."

వచ్చే దారిలో ఒక సీసా థిన్నర్ కొన్నాను. దుకాణంలో ఏ పనికి అని అడిగితే పెయింట్ తీయడానికి అన్నాను. అంతే కదా.

అమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె మిషన్ ఆపింది.

"ఎన్ని ఉన్నయి?"

"లెక్కవెట్టలేదు."

"నువ్వా?" అంది. "నువ్వు లెక్కవెట్టలేదా?"

 లెక్కపెట్టకపోవడం నాకే అప్పుడు తెలిసింది.

"నాకు ఎరికే అవి. టార్చి పట్టింది నేనే గద" అంది అమ్మ. "బండి తెచ్చిన కొత్తల మూత లేపి చూసిండు. వాళ్ళు పెట్టిన తెల్ల సుక్కలు చూసి, సగం పెట్టి ఇడిసిపెట్టిండ్రే అని ఒకటే గులుగుడు. మిగిలినయి నేను పెడ్త అని కూసున్నడు. టార్చి ఇటు పట్టు, అటు పట్టు. నాకు మెడ పట్టేసింది. కారుకు బొట్లు పెడ్తున్నవా అంటె నవ్విండు."

తర్వాత అడిగింది. "తుడిస్తె కాయిదం వస్తదా?"

"వస్తది."

"తుడువకపోతె?"

"రాదు. బండి బావ తోలుకపోతడు."

"బండి పోతె గీతలు గూడ దాంతోనే పోతయి గద."

అందులో తప్పు పట్టేదేమీ లేదు. ఆమె లేచి, షెడ్డులోంచి కాటన్ వేస్టు సంచి తెచ్చింది. చేతులు తుడుచుకోవడానికి వర్క్‌షాపులో వాడే దారపు పోగులు అవి. దిగిపోయిన రోజు బాపు సగం సంచి ఇంటికి తెచ్చుకున్నాడు.

ఎండ ఇంకా ఉంది. అమ్మ థిన్నర్‌లో పోగులు ముంచి తుడిచింది. నేను ముందు నిలబడ్డాను. తుడవబోయే ముందు ప్రతి గీతనూ చూశాను. ఎందుకంటే ఒకసారి తుడిచాక ఏది కదిలిందో తెలుసుకునే మార్గం ఉండదు. ఇది భావం కాదు, పద్ధతి. కుడివైపు షాక్ అబ్జార్బర్ నట్లు, సరిగ్గా ఉన్నాయి. తుడువు. ఎడమవైపు, సరిగ్గా ఉన్నాయి. తుడువు. ఇంజన్ బోల్టులు, సరిగ్గా ఉన్నాయి. మూడు వానాకాలాలు, ఎఫ్‌సీఐ రోడ్డు గుంతలు, బొగ్గు లారీల వెనక తిన్న దుమ్ము. ఏ నట్టూ ఒక వెంట్రుకంత కూడా తిరగలేదు.

ఒక్కటి తప్ప. బ్యాటరీ క్లాంపు మీద గీత రెండు ముక్కలై, నట్టు మీదిది ఒకవైపు, కింద మిగిలింది ఇంకోవైపు ఉంది. బాపు పోయిన కొన్ని వారాలకు బ్యాటరీ దిగిపోతే దాన్ని ఊడదీసి ఛార్జింగ్‌కి ఇచ్చి మళ్ళీ బిగించింది నేనే. ఆ రోజు నేను గీతను చూడలేదు. చూసి ఉంటాను, కనపడలేదు. ఇప్పుడు స్పానర్ పెట్టి చూశాను. సగం చుట్టు తిరిగింది. బిగించాను.

"ఏమైంది?" అంది అమ్మ.

"ఏం కాలేదు. తుడువు."

నాకేమీ అనిపించలేదు. థిన్నర్ వాసనకు తల నొచ్చింది. పని అయ్యాక లోపల అంతా శుభ్రంగా, షోరూంలో కొత్త బండిలాగా ఉంది. పోగులు పసుపు రంగులోకి తిరిగాయి. అమ్మ వాటిని చెత్తలో వెయ్యకుండా మళ్ళీ సంచిలోనే కుక్కింది.

ఫొటోలు పైకి పోయాయి. వారంటీ వచ్చింది. దానికి కట్టిన డబ్బు గురించి ఎవరికీ చెప్పలేదు. లెక్క ప్రకారం దండగ అని నాకు తెలుసు. తర్వాతి ఆదివారం బావ ఆ కాగితాన్ని కళ్ళజోడు పెట్టుకుని, కింద ఉన్న చిన్న అక్షరాలతో సహా చదివాడు. చదివి, నాలుగు మడతలు పెట్టి, టీవీ కింద పెట్టాడు. "ఇగ ఫికర్ లేదు బామ్మర్దీ. మా గనిల అడిగినాయనకు ఇంకో బండి చూస్కొమ్మని చెప్త." అమ్మ వంటింట్లోంచి, "అన్నం తిని పొమ్మను రా" అంది.

అమ్మకు లైసెన్సు వచ్చింది. టెస్టులో కూడా సెకండ్ గేరుకు మించి పోలేదు. అక్కడ అంతకన్నా చోటు లేదు కాబట్టి బయటపడింది. ఒకరోజు సాయంత్రం, "రేపు అక్క దగ్గరికి పోతున్న" అంది. నాకు ఫస్ట్ షిఫ్టు. ఒక్కతే పోతుంది. నేను టైర్లలో గాలి, ఆయిల్, కూలెంట్, వైపర్ నీళ్ళు చూసి బానెట్ మూయబోతుంటే, ఆగమంది.

ఆమె చేతిలో బాపు పసుపు పెయింట్ డబ్బా ఉంది. ఎండి అట్ట కట్టిన పెయింట్‌లో మిగిలిపోయిన థిన్నర్ పోసి పుల్లతో కలుపుతోంది. సన్న బ్రష్షు నోట్లో పట్టుకుంది. బ్రష్షు తీసి అంది. "నువ్వు ఒక్కొక్కటి బిగి చూడు. నేను గీత పెడత."

"అమ్మా, వారంటీ పోతది."

"ఏం పోతది?"

"రేపు ఏదన్న ఖరాబైతే, వాళ్ళు మూత లేపి ఇవి చూస్తే పైసలియ్యరు."

"మన బండికి అది అక్కర్లేదని నువ్వే చెప్పినవ్ గద."

"చెప్పిన."

"మీ బావ కోసం తీస్కున్నం. ఆయన చదివిండు, మడత వెట్టిండు. ఇంకేం గావాలె?"

నేను స్పానర్ తెచ్చాను. కుడివైపు మొదటి నట్టుకు పెట్టి నొక్కాను. కదల్లేదు. "గట్టిగనే ఉన్నది" అన్నాను. అమ్మ వంగి గీత గీసింది. గీత మధ్యలో వంకర తిరిగి కిందికి దిగింది.

"వంకర పోయింది" అంది.

"పోనీ."

"వంకరుంటె పనికిరాదా?"

ఆలోచించాను. నట్టు తిరిగితే వంకర గీత కూడా రెండు ముక్కలవుతుంది. "పనికొస్తది" అన్నాను. రెండో నట్టుకు స్పానర్ పెట్టాను. అట్లా ఒక వైపు అయ్యాక రెండో వైపు. బ్యాటరీ క్లాంపు దగ్గర రెండుసార్లు బిగించి చూశాను. వెలుగు తగ్గితే టార్చి నేను పట్టుకున్నాను.

మర్నాడు ఆమె బయల్దేరడం నేను చూడలేదు. అప్పటికి గని లోపల ఉన్నాను. అక్కడ ఫోన్లు ఉండవు. పైకి వచ్చి ల్యాంపు అప్పగించి, సైకిల్ స్టాండు దగ్గర ఫోన్ తీస్తే బావ మిస్డ్ కాల్స్ ఉన్నాయి. నిలబడే చేశాను.

"వచ్చిందా బావా?"

"వచ్చింది. మంచిగనే వచ్చింది. కని బామ్మర్దీ, గోదావరి బ్రిడ్జి మీదంగ గూడ సెకండ్ గేర్లనే కొట్టుకొచ్చినట్టున్నది. ఎనుక లారీలు లైను గట్టినయంట. బానెట్ మీద చెయ్యి పెడితె పెనం లెక్క ఉన్నది."

వెనకనుంచి అమ్మ గొంతు, అక్కతో. "తొవ్వల ఒక్కలు గూడ ఏం అడుగలేదే."

"ఏదన్న గాని, వారంటీ తీస్కున్నది మంచిదైంది" అన్నాడు బావ. "మూత లేపి చూద్దునా ఒకసారి?"

"వద్దు బావా. వేడి మీద లేపద్దు. ఇంటికి వచ్చినంక నేను చూస్త."

సాయంత్రం బండి షెడ్డులోకి వచ్చింది. చల్లారేదాకా ఆగి బానెట్ ఎత్తాను. కుడివైపు నుంచి మొదలుపెట్టి వరసగా చూశాను. వంకరగా ఉన్నాయి. ఏదీ తెగలేదు.